నొప్పి పెట్టని పన్ను

మాది సిద్దిపేటలో కిరాణా దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు. కందులు, పెసర్లు, ఎండుమిర్చి గోనె బస్తాల్లో వస్తాయి. వాటి మూతిని దబ్బనంతో, సుతిలితో కుట్టి చివర ఒక మొండి ముడి వేస్తారు. ఆ ముడి విప్పగలిగితే సుతిలి మొత్తం ఒక్క లాగుకు సర్రున చేతిలోకి వస్తుంది. కోశారా, ముక్కలు ముక్కలై పీచంతా పప్పులో పడుతుంది. అదొక్కటే కాదు, దుకాణంలో కత్తెర ఆడిస్తే గిరాకీ తెగుతుందని మా అత్తమ్మ నమ్మకం. అందుకని మా ఇంట్లో ముడి విప్పడానికి ఉన్న పనిముట్టు ముందరి పళ్ళే. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మ నన్ను బస్తా ముందు కూర్చోబెట్టి, ముడిని ఏ పంటి కింద పెట్టాలో, తల ఎటు తిప్పాలో నేర్పింది. బుద్ధిగా నేర్చుకున్నాను. మా ఆయన కంటే నేనే తొందరగా విప్పుతానని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఆ పేరే నా కొంప ముంచింది. భయపడకండి, బాగానే ఉన్నాను. నిన్న రాత్రి జొన్నరొట్టె కొరుక్కుని తిన్నాను. కాని దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు ఒక్కొక్కరే "ఏమైందక్కా, అప్పుడు మూతి అట్ల వాచింది" అని అడుగుతుంటే, ఉప్పు తూస్తూ ఒకరికి, చింతపండు తూస్తూ ఇంకొకరికి చెప్పీ చెప్పీ నా దవడలు లాగుతున్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. రాస్తే నాకూ గుండె కొంచెం కుదుటపడుతుంది. ఎవరైనా అడిగితే ఈ కాగితాలు చేతిలో పెట్టి నా తూకం నేను చూసుకోవచ్చు.

మొదలు ఇట్లా జరిగింది. వానలు దంచికొడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కందుల బస్తా ముడిని పళ్ళతో పట్టి లాగుతున్నాను. తడికి ముడి బిగుసుకుపోయి వదలడం లేదు. మా ఆయన వెంకటేశం నిదానం అన్న మాట తెలియని మనిషి. జల్లు లోపలికి కొడుతోందని, నేను ముడి విప్పేశాననుకుని, అటువైపు నుంచి బస్తాను ఒక్క గుంజు గుంజాడు. బస్తాతో పాటు నా తల కూడా పోయింది. పై వరుసలో ముందరి పన్ను ఒకటి టక్కుమంది. కాస్త నెత్తురు కారింది, పన్ను కొంచెం కదిలింది. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఆయన్ని నాలుగు తిట్టాను. వారం తిరిగేసరికి పన్ను గట్టిపడింది, నా తిట్లు కూడా అయిపోయాయి. తర్వాత ఆ సంగతే ఇద్దరికీ గుర్తు లేదు.

దాని మీద రెండు ఎండాకాలాలు గడిచాయి. మా బిడ్డకు కరీంనగర్‌లో ఆడపిల్ల పుట్టింది. మనవరాలి తొట్టెల నాడు తీసిన ఫోటోలు ఫోన్లో చూస్తున్నాను. అందరం పడీ పడీ నవ్వుతున్నాం. అందులో నా పళ్ళ వరుస మధ్యలో ఒక పన్ను మాత్రం చల్లారిన చాయ్ రంగులో ఉంది. ఫోన్ మీద మరక పడిందేమోనని కొంగుతో తుడిచాను. పోలేదు. అద్దం దగ్గరికి పరిగెత్తి పెదవి ఎత్తి చూసుకున్నాను. రోజూ పొద్దునా రాత్రీ తోముకునే పన్ను ఎప్పుడు ఈ రంగుకు వచ్చిందో నాకే తెలియకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. మన నోరు మన దగ్గరే ఉంటుంది, కాని మనమే దాన్ని చూడం.

ఇక అప్పటి నుంచి దాని వెంట పడ్డాను. నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్దాను. బొగ్గుపొడితో తోమాను. వంటసోడా పెట్టాను. ఆ పన్ను తెల్లబడలేదు సరికదా, మంచిగున్న మిగతా పళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం మొదలైంది. దుకాణంలో తలా ఒక మాట. ఒకామె చాయ్ ఎక్కువ తాగుతున్నావంది. ఇంకొకామె రక్తం పెరగడానికి వేసుకునే గోలీల వల్లనంది. తొగుట నుంచి వచ్చే ఆమె, వాళ్ళమ్మ ఊళ్ళో బోరునీళ్ళకు పిల్లల పళ్ళన్నీ గోధుమరంగు చారలు పడ్డాయని, ఇది నీళ్ళ దోషమేనని తేల్చింది. అందరికీ తల ఊపాను. నీళ్ళ దోషమైతే నోట్లో ఉన్న అన్ని పళ్ళనూ వదిలేసి ఈ ఒక్కదాన్నే ఎందుకు పట్టిందన్న ఆలోచన నాకు వచ్చింది, కాని అక్కడితో ఆగిపోయింది. నొప్పి లేదు కదా, నొప్పి లేనిది రోగమెట్లా అవుతుంది అనుకున్నాను. ఇది చదివేవాళ్ళు ఇంకేది మరిచినా ఈ నా తెలివితక్కువతనాన్ని మాత్రం మరవకండి.

ఒకనాడు నారాయణరావుపేట నుంచి నెల సామాను కోసం వచ్చిన పాత గిరాకీ ఒకామె నా మూతి వైపు చూసి, నేను కూడా అత్త లెక్క పొడి పెడుతున్నానా అని అడిగింది. అందరి ముందు అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పొడి సంగతి చెప్పాలి. మా అత్తమ్మ పొగాకు పొడిని పళ్ళకు రుద్దుతుంది. ఎడమ అరచేతిలో చిటికెడు వేసుకుని, చూపుడు వేలితో అద్దుకుని, చిగుళ్ళ మీద రాసుకుని, అరగంట దాకా ఎవరితోనూ మాట్లాడదు. ఆమె పళ్ళు చింతగింజ రంగులో ఉంటాయి. మా మామయ్య చుట్టలు తాగీ, జర్దా నమిలీ నోట్లో పుండు లేచి, హైదరాబాదు దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి పోయాడు. ఆ తర్వాత మా ఆయన తల్లి చేత పొడి మానేస్తానని ఒట్టు వేయించుకున్నాడు. ఆమె ఆయన కళ్ళ ముందు మానేసింది, పెరట్లో మానలేదు. నాకు తెలుసు. తెలిసినప్పుడల్లా సతాయించేదాన్ని. ఇప్పుడు ఆమెకు అవకాశం దొరికింది.

"ఇన్నేండ్లు పొడి పొడి అని నన్ను సతాయిస్తివి," అంది అత్తమ్మ, నా పన్ను వైపు చూస్తూ. "నాది పెట్టి పెట్టి ఎర్రగైంది. నీది పెట్టకుంటనే నల్లగైంది. ఇప్పుడు చెప్పు."

గురివింద సామెత నాకే తగిలేట్టు ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను. మాట్లాడేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. నవ్వకుండా బేరం చేయడం ఎంత కష్టమో దుకాణంలో కూర్చున్నవాళ్ళను అడగండి. గిరాకీ వాళ్ళు నాకు కోపం వచ్చిందనుకుని అడిగిన ధర ఇచ్చి పోయేవాళ్ళు. అదొక్కటే ఆ పన్ను వల్ల కలిగిన లాభం.

శ్రావణ మాసం వచ్చింది. వరలక్ష్మి వ్రతం ముందు రోజు ఆ పన్ను పైన చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నోట్లో ఉప్పగా, చేదుగా ఏదో ఊరుతోంది. తెల్లారేసరికి పై పెదవి ఉబ్బి ముక్కును తాకింది, ఒక కన్ను సగం మూసుకుపోయింది. ఇన్నాళ్ళూ నోరు మెదపని పన్ను ఒక్కసారిగా తల మొత్తాన్ని పట్టుకుని ఊపుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పెదవి కొట్టుకుంటోంది. అత్తమ్మ నా మొహం చూసి ఒక్క మాట కూడా ఎకసెక్కం ఆడలేదు. పెరట్లోకి పోయి, వేలి మీద చిటికెడు పొడి తెచ్చి, నేను వద్దనేలోగా చిగురుకు అద్దింది. నిజం చెప్పాలంటే ఆ ఘాటుకు కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తెలియలేదు. ఇట్లా నొప్పిని మొద్దుబారించుకునే కదా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రోగాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటారని ఇప్పుడు అనిపిస్తోంది. పూజ కానిచ్చాను. కలశం ముందు కూర్చున్న నన్ను చూసి వాయనానికి వచ్చిన వాళ్ళు దండం పెట్టడానికి జంకారు.

సాయంత్రం మా ఆయన దుకాణం మూసి, స్కూటర్ మీద పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఊళ్ళో అంత నిశ్శబ్దంగా ఉండే జాగ ఇంకొకటి లేదనుకుంటాను. బస్టాండులో, బ్యాంకులో, గుళ్ళో, ఎక్కడైనా మనవాళ్ళు పక్కవాళ్ళ ఇంటిపేరు దాకా లాగుతారు. అక్కడ మాత్రం అందరూ చెంపల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు, ఎవరి నోరు వాళ్ళదే. ఒకావిడ నా మూతి చూసి తన సంచిలోంచి ఐస్ ముక్కలు చుట్టిన చేతిరుమాలు తీసి ఇచ్చింది. తన చెంపకు పెట్టుకోవడానికి తెచ్చుకున్నది. వద్దన్నాను. తలతోనే తీసుకోమని సైగ చేసింది. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా బిడ్డ ఈడుది. నన్ను ఆంటీ అని పిలిచింది. పొడి పెడుతున్నావా అని అడుగుతుందని కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. ఒక చిన్న స్టీలు కడ్డీతో పళ్ళను ఒక్కొక్కదాన్నే తట్టింది. తర్వాత మంచులా చల్లగా ఉన్న దూదిని ఒక్కో పంటికి ఆనించింది. మిగతా పళ్ళు ఒక్కొక్కటీ ఉలిక్కిపడ్డాయి. ఆ పన్ను దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. గోడకు ఆనించినట్టే ఉంది.

"ఇది చనిపోయిన పన్ను ఆంటీ. ఎప్పుడో చనిపోయింది," అంది. "ఎప్పుడన్న దెబ్బ తగిలిందా?"

లేదన్నాను. ఒట్టు, నాకు గుర్తు లేదు. నా వెనక నిలబడ్డ మా ఆయన ముందుకు వచ్చాడు.

"తగిలింది మేడం," అన్నాడు. "బస్తా నేనే గుంజిన."

ఆ మాటతో వాన, కందులు, టక్కుమన్న చప్పుడు అన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ పిల్ల ఓపికగా చెప్పింది. పన్ను అంటే రాయి కాదట. దాని నడిమధ్యలో వెంట్రుకంత నరం, దానితో పాటు నెత్తురు పారే సన్నని దారి ఉంటాయట. గట్టిగా గుంజుకున్నప్పుడు ఆ దారి వేరు దగ్గర తెగిపోతుందట. నెత్తురు లోపలే చిక్కుకుని, పాడై, పంటి గోడల్లోకి ఇంకి, కొన్నాళ్ళకు ఆ రంగు బయటికి కనిపిస్తుందట. చాయ్, పొగాకు, టానిక్కుల మరకలైతే బయట పట్టుకుంటాయి, వాటిని గీకి శుభ్రం చేయవచ్చు. చిన్నప్పుడు తాగిన నీళ్ళ వల్లనో వేసిన మందుల వల్లనో వచ్చేవి పళ్ళు తయారయ్యేటప్పుడే పడతాయి కాబట్టి ఒక్క పంటితో ఆగవు, చాలా పళ్ళ మీద కనిపిస్తాయి. ఒక్క పన్నే, అదీ పెద్దయ్యాక రంగు మారిందంటే అది లోపలి నుంచి వస్తోందని, తోమడం మానేసి చూపించుకోవాలని చెప్పింది. నిమ్మకాయ, బొగ్గు, సోడా మిగతా పళ్ళ పైపొరను తినేశాయని, పోయిన పొర మళ్ళీ రాదని మందలించింది. పళ్ళను పళ్ళలాగే వాడాలట. ముడులు విప్పడానికి, సీసా మూతలు తీయడానికి, దారాలు తెంపడానికి కాదట.

నేను మాత్రం ఒక్క దగ్గరే ఆగిపోయాను. చచ్చిపోయిన పన్ను ఇన్నాళ్ళు నా నోట్లో నిలబడి ఉంది. జామకాయ కొరికింది, సకినాలు నమిలింది, ఇంకెన్నో బస్తాల ముడులు విప్పింది. ఒక్క రోజు కూడా పని మానలేదు. రంగు మార్చుకుని చెప్పగలిగినంత చెప్పింది, నేనే దాని మీద ఉప్పు రుద్దాను. ఆ కుర్చీలో పడుకుని, అంత వాపులో, ఆ పన్ను మీద నాకు గౌరవం కలిగింది.

ఆ తర్వాత ఎక్స్‌రే తీసింది. తీశాక మాటలు తగ్గించింది. పన్ను వేరు పైన, ముక్కు కింద, ఎముక ఉండాల్సిన చోట రేగుపండంత నల్లటి గుండ్రం ఉంది. అక్కడ ఎముక లేదని, కరిగిపోయిందని చెప్పింది. పన్ను వెనక నుంచి రంధ్రం చేసి చీము తీసి, మందులు రాసి ఇచ్చి, వాపు తగ్గాక నరం దారి తాను శుభ్రం చేస్తానని, ఆ గుండ్రంలో ఉన్నది మాత్రం హైదరాబాదు పెద్ద దవాఖానలో తీయించి టెస్టుకు పంపించాలని అంది. టెస్టు అనే మాట వినగానే మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను వచ్చేసరికి స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఇంటికి వచ్చేదాకా మామయ్య సంగతి ఇద్దరి మధ్యా కూర్చుని ఉంది.

ఆ నెలంతా మా ఇల్లు ఇల్లులా లేదు. మా ఆయనకు భయం వేస్తే కోపం వస్తుంది. అత్తమీది కోపం దుత్తమీద అన్నట్టు కాంటా మీద గుండ్లు విసిరేసేవాడు, హమాలీల మీద అరిచేవాడు, నన్ను మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆ మంచితనం చూస్తేనే నాకు ఇంకా భయమేసేది. ఒక పొద్దున బజారుకు పోయి పెద్ద కత్తెర కొనుక్కొచ్చి, దుకాణం నడుమ గోడకు మేకు కొట్టి తగిలించాడు. అత్తమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఆమె కూడా మారిపోయింది. పొడి మానేసింది. పెరట్లో కూడా మానేసింది. కూరలో కారం వద్దని, ఉత్త పెరుగన్నం, అంబలి తాగుతూ గడిపింది. నా కోసం మొక్కుకుందనుకున్నాను. ఆమె పెట్టిన చిటికెడు వల్లనే నాకిట్లా అయిందని బాధపడుతోందేమోనని, దానివల్ల కాదు అత్తమ్మా అని రెండు మూడు సార్లు చెప్పాను కూడా. ఆమె తల ఊపి లోపలికి పోయేది.

దసరాకు ముందు హైదరాబాదు వెళ్ళాం. చీకటితోనే బస్సెక్కాం. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఆగితే అందరూ చాయ్ తాగారు. మా ఆయన నాకోసం గ్లాసు పట్టుకొచ్చి, ఆపరేషన్‌కు ముందు తాగొచ్చో లేదో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. అది చల్లారిపోయింది. నేను కిటికీలోంచి చూసి నవ్వాను. కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం చాలా రోజుల తర్వాత అదే.

ఆ దవాఖాన హాలు గురించి రాయాలంటే చేయి ఆగుతోంది. దవడలు లేనివాళ్ళు, ముక్కుకు గొట్టం పెట్టుకున్నవాళ్ళు, గుడ్డతో మూతి కట్టుకున్నవాళ్ళు వరుసగా కూర్చున్నారు. మామయ్య పోయినప్పటి నుంచి మా ఆయన ఇట్లాంటి చోటు గడప తొక్కలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, రమ్మన్నా రాలేదు. అప్పుడు ఒక పెద్దమనిషి, గడ్డం కింద నుంచి చెవి దాకా కుట్లు పడ్డవాడు, మాట రానివాడు, తన పక్కనున్న కుర్చీ మీది సంచిని తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ ఖాళీ కుర్చీని అరచేత్తో తట్టాడు. మా ఆయన వెళ్ళి కూర్చున్నాడు. వెనక వరుసలో ఉన్న ఆయన భార్య చెప్పింది, తనది మద్దూరు దగ్గరి ఊరట. నన్ను లోపలికి పిలిచి మళ్ళీ బయటికి పంపేదాకా ఆ మనిషి మా ఆయన చేయి వదల్లేదని తర్వాత తెలిసింది. తనకు అంత కష్టం ఉండి, మాట్లాడే నోరు కూడా లేకుండా, ఇంకొకరికి ధైర్యం చెప్పాడు. మనుషుల్లో ఇంత ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

లోపల నాకు మత్తు సూదులు చిగురులోనే ఇచ్చారు. తెలివి ఉంది. నొప్పి లేదు, చప్పుళ్ళు మాత్రం వినిపిస్తున్నాయి. నా ఎముకలో ఎవరో పని చేస్తుంటే నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. పెద్ద డాక్టరు, తల నెరిసినాయన, గుండ్రంలోంచి తీసిన నీళ్ళను సూదిగొట్టంలో పట్టి దీపానికి అడ్డంగా ఎత్తాడు. లేత పసుపు నీళ్ళు. అందులో అభ్రకం పొడి కలిపినట్టు తళతళమనే రేణువులు తేలుతున్నాయి. నన్ను చంపుతుందేమోనని భయపడ్డది అంత అందంగా మెరుస్తుంటే ఏమనుకోవాలో తెలియలేదు. ఆ నీళ్ళు నిండిన తిత్తిని మొత్తం ఊడదీసి, సీసాలో వేసి, కుట్లు వేశారు. నా పన్నును మాత్రం తీయలేదు. డాక్టరమ్మ దాన్ని లోపల శుభ్రం చేసి మూసింది కాబట్టి ఉండనిద్దామన్నారు. కుట్లు వేశాక, అంత ఖాళీలో ఏం పెట్టారని మొద్దుబారిన నోటితో అడిగాను.

"ఏం పెట్టలేదమ్మా," అన్నాడాయన. "నెత్తురు వచ్చి నిండుతది. దాన్ని ఎముక చేసుకునుడు నీ పని, మా పని గాదు."

నేనా? బస్తా ముడి తప్ప ఏ విద్యా రాని నేను ఎముక ఎట్లా చేస్తాను? బస్సులో వచ్చేటప్పుడు దారంతా ఆ మాటే తిరిగింది.

రిపోర్టు కోసం ఎదురుచూస్తుండగానే బతుకమ్మ వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళు తంగేడు, గునుగు పూలు తెచ్చి మా వాకిట్లో కూడా పేర్చారు, నన్ను పనిచేయనివ్వలేదు. కుట్ల వల్ల పాట పాడలేను. వలయంలో నిలబడి చప్పట్లు కొట్టాను. అందరూ పాడుతుంటే, వచ్చే ఏడు నేనీ వలయంలో ఉంటానా అన్న ఆలోచన వచ్చింది. ఏడుపొచ్చింది. పక్కనున్న ఆమె నా చేయి పట్టి అడుగు తప్పకుండా తిప్పుతూనే ఉంది.

ఫోన్ పండగ తెల్లారి వచ్చింది. మా ఆయన చక్కెర తూస్తున్నాడు. ఫోన్ చెవికి పెట్టుకుని, ఒక చేత్తో చక్కెర పోస్తూనే ఉన్నాడు. పళ్ళెం నిండి కాంటా మీదికి, కాంటా మీది నుంచి నేల మీదికి జారిపోతోంది. గిరాకీ మనిషి ఏమీ అర్థంకాక చూస్తున్నాడు. ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"ఏం లేదంట," అన్నాడు. "ఉత్త నీటిగడ్డేనంట."

అని కందుల బస్తా మీద కూర్చుని, గిరాకీ ముందరే ఏడ్చాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు, తండ్రి పోయినప్పుడు కూడా. దగ్గరికి పోయి తల పట్టుకున్నాను. నాకు సంతోషం కంటే ముందు సిగ్గు వేసింది, అందరూ చూస్తున్నారని. తర్వాత అది కూడా పోయింది.

ఉగాది దాటాక డాక్టరమ్మ దగ్గర మళ్ళీ ఎక్స్‌రే తీయించుకున్నాను. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించింది. రేగుపండంత నల్లగా ఉన్నచోట చుట్టూ అంచుల నుంచి లోపలికి తెల్లగా, మంచు పట్టినట్టు ఎముక అల్లుకుంటూ వచ్చింది. మధ్యలో పెసరగింజంత నలుపు మిగిలింది. అది కూడా నిండుతుందని చెప్పింది. నేను చక్కెర తూస్తున్నప్పుడు, మా ఆయనతో పోట్లాడుతున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, నాకు తెలియకుండా, నన్ను అడగకుండా నా ఒళ్ళు ఈ పని చేసుకుంటూ పోయింది. ఎవరూ కూలి ఇవ్వలేదు. ఎవరూ నేర్పలేదు. దేవుణ్ణి మొక్కాలో నా ముక్కు కింది ఎముకను మొక్కాలో తోచలేదు. తర్వాత ఆ పిల్ల పన్ను లోపల ఏదో మందు పెట్టి, కొన్ని రోజులకు ఒకసారి మారుస్తూ, దాన్ని తెలుపుకు తెచ్చింది. పూర్తిగా కాదు, పక్క పళ్ళకంటే ఒక చాయ తక్కువ. వెతికి చూస్తేగాని తెలియదు. దుకాణంలో మళ్ళీ నవ్వుతూ బేరం చేస్తున్నాను, గిరాకీ వాళ్ళు మళ్ళీ ధర తగ్గించమని ప్రాణం తీస్తున్నారు.

ఆ రెండు ఫిల్ములూ ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం, అత్తమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. కిటికీ వెలుతురుకు పట్టి, ఇది అప్పుడు, ఇది ఇప్పుడు అని చూపించాను. ఆమె వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఒకటి చూసి, ఇంకొకటి చూసి, మళ్ళీ మొదటిది చూసింది.

"గిది ఎవలు నింపిన్రు?" అని అడిగింది.

"ఎవ్వరు నింపలే అత్తమ్మా. అదే నిండింది."

అత్తమ్మ ఫిల్ములు గడప మీద పెట్టింది. తర్వాత నా చేయి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయి, వెలుతురుకు ఎదురుగా నిలబడి, నోరు తెరిచింది. చెంపను వేలితో పక్కకు లాగింది. లోపల, పొడి పెట్టుకునే వైపు, రూపాయి బిళ్ళంత మేర చర్మం తెల్లగా, గరుకుగా ఉంది.

"మీ మామకు గూడ గిట్లనే మొదలైంది," అంది.

కారం తగిలితే మండుతోందట. అందుకే అంబలి. నా కోసం మొక్కు అనుకున్నది ఇదన్నమాట. నా వాపు కంటే ముందు నుంచే ఉందట. నేను హైదరాబాదు పోయి వస్తున్న రోజులన్నీ ఆమె ఒక్కతే దాన్ని నోట్లో పెట్టుకుని తిరిగింది. తిడదామని నోటిదాకా వచ్చింది, తిట్టలేకపోయాను. మా ఆయన్ని పిలిచాను. ఆయన వచ్చి చూసి దుకాణం షట్టరు దించాడు.

ఇప్పుడు ఇది చదివేవాళ్ళు కంగారుపడకుండా ముందే చెప్తున్నాను. ఆ తెల్లమచ్చలోంచి కూడా ముక్క తీసి టెస్టుకు పంపారు. ఇంకా చెడ్డదిగా మారలేదని వచ్చింది. పొడి మళ్ళీ ముట్టకూడదని, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలని, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాళ్ళం కాదని అన్నారు. ఆమె పళ్ళకు పట్టిన మరకలు కూడా డాక్టరమ్మ గీకి తీసేసింది. ఆ రోజు సాయంత్రం అత్తమ్మ అద్దం వదల్లేదు.

కాని నాకు మనసులో నిలిచిపోయింది అత్తమ్మను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయిన ఆ మొదటి రోజే. డాక్టరమ్మ కుర్చీ వాల్చి, దీపం మొహం మీదికి తిప్పింది. జన్మలో ఏ డాక్టరు ముందూ నోరు తెరవని మనిషి, తెరవమని అడగకముందే తెరిచింది. ఆ పిల్ల చూసి, ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందని, ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదని మెల్లగా అడిగింది. అత్తమ్మ ముందు గోడ దగ్గర నిలబడ్డ కొడుకు వైపు చూసింది. తర్వాత నా వైపు వేలు చూపించింది.

"చూపిస్తె పోతరనుకున్న బిడ్డా. మా ఆయన చూపించుకున్నంకనే పోయిండు. ఈ పిల్ల చూపించుకొని బతికొచ్చింది."